బో జాక్సన్ తుంటి

1991 జనవరి 13, లాస్ ఏంజెలెస్‌లో రైడర్స్‌కీ సిన్సినాటి బెంగాల్స్‌కీ అమెరికన్ ఫుట్‌బాల్ (బాల్ చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) నాకౌట్ మ్యాచ్. రైడర్స్ ఆటగాడు బో జాక్సన్ బాల్ పట్టుకుని 34 గజాలు పరిగెత్తాడు, వెనకనుంచి బెంగాల్స్ ఆటగాడు కెవిన్ వాకర్ కాలు పట్టేసి పడేశాడు. చూడ్డానికి చాలా మామూలు ట్యాకిల్, ఇంతకంటే ఘోరమైనవి ప్రతి మ్యాచ్‌లో బోలెడు. కానీ బో తుంటి ఊడింది, అతని ఫుట్‌బాల్ అక్కడితో సరి.

ఇతను ఆబర్న్ యూనివర్సిటీలో ఉన్నప్పుడే ఫుట్‌బాల్, బేస్‌బాల్ రెండూ ఆడేవాడు, 1985లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ కొట్టాడు, అదే ఏడాది బేస్‌బాల్‌లో బ్యాటింగ్ యావరేజ్ .401, అంటే పది ప్రయత్నాల్లో నాలుగు హిట్లు. ప్రొఫెషనల్ అయ్యాక కూడా ఏదీ వదల్లేదు, ముందు కాన్సాస్ సిటీ రాయల్స్‌కి బేస్‌బాల్, ఆ సీజన్ అవగానే రైడర్స్‌కి ఫుట్‌బాల్. 1987లో తన 25వ పుట్టినరోజు నాడు సియాటిల్ మీద 221 గజాలు లాగాడు, అందులో ఒక్క పరుగే 91!

మరి అలాంటి ఒళ్ళు అంత చిన్న ట్యాకిల్‌కి ఎలా పాడైంది?

తుంటి అంత తేలిగ్గా ఊడే కీలు కాదు. తొడ ఎముక గుండ్రటి తల లోతైన గిన్నెలో దూరి ఉంటుంది, చుట్టూ గట్టి లిగమెంట్లు, పైన దిట్టమైన కండరాలు. డాక్టర్లు ఇది ఊడటం చూసేది ఎక్కువగా కారు యాక్సిడెంట్లలో, మోకాలు డాష్‌బోర్డుకి గుద్దుకున్నప్పుడు. బో విషయంలో వంద కేజీల పైన ఉన్న మనిషి ఫుల్ స్పీడులో ఉండగా ఒక కాలు ఆగిపోయింది, మిగతా ఒళ్ళు ఆగలేదు. నన్నడిగితే వాకర్ బలం కంటే బో బలమే బోని ఎక్కువ దెబ్బతీసింది.

ఊడిన కీలుని మళ్ళీ ఎక్కించొచ్చు, చిక్కంతా రక్తంతోనే. తొడ ఎముక తలకి రక్తం తెచ్చేవి ముఖ్యంగా ఎముక మెడ వెంబడి పాకే సన్నటి నాళాలు, తల వెనక్కి జారితే అవి సాగిపోతాయి, నలుగుతాయి, ఒక్కోసారి తెగిపోతాయి, అందుకే ఊడిన తుంటిని 6 గంటల్లోపు సరిచేయాలంటారు. రక్తం అందక లోపలి కణాలు చచ్చిపోయినా ఎముక వెంటనే కూలదు, ఎండిన చెట్టు చాన్నాళ్ళు నిలబడే ఉంటుంది కదా అలాగన్నమాట, తర్వాత నెమ్మదిగా మనిషి బరువుకే ఆ గుండ్రటి తల అణిగిపోతుంది. దీన్నే ఏవీఎన్ (అవాస్క్యులర్ నెక్రోసిస్) అంటారు. కోవిడ్ తర్వాత మన దగ్గర కూడా ఈ మాట బాగా వినపడింది, స్టెరాయిడ్లు ఎక్కువ వాడాల్సి వచ్చిన కొంతమందికి ఏ దెబ్బా తగలకుండానే ఇదే వచ్చింది.

బోకి కూడా ఏవీఎన్ వచ్చి, 1992లో తుంటి మార్చేశారు. ఆర్టిఫీషియల్ కీలుతో 1993లో చికాగో వైట్ సాక్స్ తరఫున తిరిగొచ్చి మొదటి స్వింగ్‌కే హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది), ఆ సీజన్‌లో మొత్తం 16 కొట్టాడు. చేతుల్లో బలం ఎక్కడికీ పోలేదు. కానీ బేస్ స్టీల్ చేయడం, అంటే బ్యాటర్ కొట్టకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ చేరడం, కాళ్ళ పని, 1988లో 27 స్టీల్ చేసినవాడు 1993లో ఒక్కటి కూడా చేయలేదు.