బండి కొనొచ్చు, నిలపడమే కష్టం: అమెరికాలో ఆర్వీ నివాసం వెనుక నూరేళ్ల చరిత్ర

అమెరికాలో ఒక ఆర్వీ, అంటే లోపల బస చేసేలా తయారుచేసిన చక్రాల బండి, కొనుక్కుని ఏడాది పొడవునా అందులోనే ఉందామనుకునేవారికి ప్రభుత్వం ఒక్కో కిటికీ దగ్గర ఒక్కో జవాబు ఇస్తుంది. పడక, వంట, మరుగుదొడ్డి ఉంటే అది ఇల్లేనంటుంది ఆదాయపు పన్ను శాఖ. షరతులకు లోబడి, దాన్ని తాకట్టుపెట్టి తెచ్చిన అప్పు వడ్డీకి గృహరుణ వడ్డీలాగే మినహాయింపు కూడా ఇస్తుంది. అదే పోలీసులు సోదా చేయాలంటే మాత్రం అది వాహనం. శాన్‌డియాగో నడిబొడ్డున పార్కింగ్ స్థలంలో ఆగి ఉన్న ఒక మోటార్ హోమ్‌ను వారంట్ లేకుండా సోదా చేయడం సబబేనని 1985లో కాలిఫోర్నియా వర్సెస్ కార్నీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నీళ్లు, కరెంటు కలుపుకుని ఒకచోట స్థిరంగా ఉన్న బండి సంగతేమిటన్న ప్రశ్నను మాత్రం అలాగే వదిలేసింది. ఇక కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఏ స్థలాన్ని దేనికి వాడాలో తేల్చే జోనింగ్ ఆఫీసుకు వెళ్లి, నా సొంత స్థలంలో ఆర్వీ నిలుపుకుని ఉండొచ్చా అని అడిగితే చాలాచోట్ల వినిపించే మాట ఒకటే: కుదరదు, అది నివాసం కాదు.

ఈ మూడో జవాబు ఎక్కడ పుట్టిందో చూడటమే ఈ కథనం పని. ఆర్వీలో కాపురం ఉండకూడదని చెప్పే ఫెడరల్ చట్టమేదీ లేదు. బండికి లేని అడ్డు దాని కింది నేలకు ఉంది. ఆ నేల మీద పెత్తనం మూడు వేలకు పైగా కౌంటీలది, వాటి లోపలి వేల పట్టణాలది. అందుకే ఒక ఊళ్లో దర్జాగా ఉన్నవాళ్లకు పక్క ఊళ్లో జరిమానా నోటీసు వస్తుంది.

బండి చరిత్ర కాస్త వేడుకగానే మొదలైంది. 1910లో పియర్స్-యారో కంపెనీ టూరింగ్ లాండో అనే మోటారు బండిని న్యూయార్క్ ప్రదర్శనలో పెట్టింది. పడకగా మారే సీటు, ముఖం కడుక్కునే తొట్టి ఉన్న ఆ బండి బాగా డబ్బున్నవాళ్ల ముచ్చట. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో, డి సోటో పార్కులో దిగిన సామాన్య యాత్రికులు టిన్ క్యాన్ టూరిస్ట్స్ పేరుతో సంఘం పెట్టుకున్నారు. అప్పట్లో ఊళ్లే ముందుకొచ్చి వీళ్లకు ఉచిత ఆటో క్యాంపులు తెరిచేవి. వచ్చినవాళ్లు నాలుగు రోజులుండి, ఊరి దుకాణాల్లో సరుకులు కొంటారని ఆశ.

కార్లు చవకైన కొద్దీ ఆ క్యాంపుల్లో దిగేవాళ్లు మారారు. 1920ల్లో పని వెతుక్కుంటూ తిరిగే పేద కుటుంబాలు కూడా పాత కారులో సామాను కట్టుకుని వచ్చి అక్కడే మకాం వేశాయి. ఊళ్ల ఉత్సాహం చల్లారింది. ముందు రుసుము వచ్చింది, తర్వాత ఇన్ని రోజులకు మించి ఉండకూడదన్న గడువు వచ్చింది. ఈ గడువు బండిని చూసి పెట్టింది కాదు, అందులోని మనిషిని చూసి పెట్టింది. ఇప్పటికీ క్యాంపుగ్రౌండ్ గేట్ల దగ్గర కనిపించే గడువుల బోర్డుల మూలం చాలావరకు అక్కడే ఉందని నా అభిప్రాయం.

అదే దశాబ్దంలో జోనింగ్ కూడా గట్టిపడింది. ఏ వీధిలో ఏం కట్టాలో నిర్ణయించే అధికారం ఊరికి ఉందని 1926లో ఒహాయోకు చెందిన యూక్లిడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విడి ఇళ్ల వీధిలో వెలిసే అపార్ట్‌మెంటును ఆ తీర్పు పరాన్నజీవితో పోల్చింది. అపార్ట్‌మెంటుకే ఆ మాట పడితే చక్రాల ఇంటికి ఎలాంటి మర్యాద దక్కుతుందో ఊహించుకోవచ్చు.

1930ల మాంద్యంలో ట్రైలర్లకు, అంటే కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇళ్లకు, ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. డెట్రాయిట్ ప్రాంతపు కవర్డ్ వ్యాగన్ కంపెనీ వాటిని పెద్ద ఎత్తున తయారుచేసింది. 1936లో ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ వచ్చింది. ఇరవై ఏళ్లలో సగం మంది అమెరికన్లు ట్రైలర్లలోనే ఉంటారని ఆర్థిక జోస్యాలకు పేరుపడ్డ రోజర్ బాబ్సన్ అన్నాడు. ఆ జోస్యం ఫలించలేదు గానీ ఊళ్లను మాత్రం బాగానే కంగారుపెట్టింది. ఆస్తిపన్ను కట్టరు, పిల్లల్ని మాత్రం మా బడికి పంపుతారు అన్న ఫిర్యాదు అప్పటిదే. మురుగు ఎక్కడ వదులుతారన్న భయం కూడా అప్పటిదే. ఇందులో రెండోది నిజమైన సమస్య అని ఒప్పుకోవాలి.

ఆ సమయంలోనే, 1936లో, మిచిగన్‌లోని ఆర్చర్డ్ లేక్ అనే చిన్న ఊళ్లో సరస్సు ఒడ్డున ట్రైలర్ నిలుపుకున్న ఒకాయన మీద కేసు పడింది. ట్రైలర్ మనుషులు నివసించే ఇల్లేనని న్యాయమూర్తి తేల్చాడు. వినడానికి ఆయన గెలిచినట్టే ఉంది. కానీ ఇల్లయితే ఇంటికి ఉండాల్సిన కనీస విస్తీర్ణం ఉండాలిగా? ట్రైలర్‌కు అది లేదు. కనుక అక్కడ ఉండకూడదు. బండిని ఇల్లని ఒప్పుకోవడమే దాన్ని గెంటేయడానికి సాకైంది. తర్వాతి కాలంలో బండిని ఇల్లు కాదంటూ కూడా ఇదే పని చేశారు. ఏ మాట అన్నా ఫలితం మారలేదన్నది ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే విచిత్రంగా తోచే సంగతి.

రెండో ప్రపంచయుద్ధంలో అవసరం పట్టింపులను పక్కకు నెట్టింది. ఆయుధాల కర్మాగారాల దగ్గర కార్మికులకు ఇళ్లు చాలక, ప్రభుత్వమే వేల ట్రైలర్లు కొని వరసలుగా నిలబెట్టింది. యుద్ధం ముగిసి సైనికులు తిరిగొచ్చాక ఇళ్ల కొరత ఇంకా పెరిగింది, ట్రైలర్లలో కాపురాలు కొనసాగాయి. అప్పటిదాకా సెలవుల్లో తిరిగేదీ, ఏడాదంతా ఉండేదీ దాదాపు ఒకే రకం బండి. ఆ రెండింటినీ విడదీసింది వెడల్పు. రోడ్డు మీద మామూలుగా లాగే బండి వెడల్పు పరిమితి 8 అడుగులు ఉండేది. 1950ల మధ్యలో విస్కాన్సిన్‌కు చెందిన ఎల్మర్ ఫ్రే 10 అడుగుల వెడల్పు ఇళ్లను మార్కెట్లోకి తెచ్చాడు. ఇవి ప్రత్యేక పర్మిట్‌తో ఒకసారి తీసుకెళ్లి ఒకచోట దింపేసే మొబైల్ హోమ్‌లు. కాపురాలు అటు వెళ్లాయి, సన్నబండి విహారానికి మిగిలింది.

అసలు ముడి 1974లో పడింది. నాసిరకం మొబైల్ హోమ్‌ల మీద, వాటిలో జరిగే అగ్నిప్రమాదాల మీద ఆందోళనలు పెరిగి అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. దాని కింద ఫెడరల్ గృహనిర్మాణ శాఖ, అంటే హడ్, రూపొందించిన నిర్మాణ ప్రమాణాలు 1976 జూన్ 15న అమల్లోకి వచ్చాయి. ఆర్వీలను ఈ ప్రమాణాల నుంచి మినహాయించారు. ఆ మినహాయింపు పొందాలంటే బండి 400 చదరపు అడుగులకు మించకూడదు, దానంతట అది నడవాలి లేదా తేలిగ్గా లాగేలా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, అది శాశ్వత నివాసం కోసం కాకుండా విహారం, క్యాంపింగ్, ప్రయాణం వంటి తాత్కాలిక బస కోసం తయారైనదై ఉండాలి.

ఇది తయారీదారుకు సంబంధించిన నిబంధన. ఫ్యాక్టరీలో ఏ ప్రమాణం పాటించాలో చెప్పడానికి రాసుకున్న నిర్వచనం. కొన్నవాడు అందులో ఎన్ని రోజులు పడుకోవాలో అది చెప్పదు. కానీ కౌంటీలు తమ జోనింగ్ నియమాల్లో దాదాపు అవే మాటలు వాడుకున్నాయి. ఫెడరల్ లెక్క ప్రకారం ఇది నివాసం కోసం చేసినది కాదు కనుక మా దగ్గర నివాసానికి పనికిరాదు అన్నాయి. బీమా కంపెనీలు, వారంటీ కాగితాలు కూడా అదే దారి పట్టాయి. ఏడాదంతా ఉంటున్నారని తెలిస్తే వారంటీ చెల్లదని రాసే తయారీదారులు ఉన్నారు. ఇలా ఏడాదంతా ఉండే ఫుల్‌టైమర్లు వేరే బీమా పాలసీ తీసుకోవాలి.

2016లో హడ్ ఈ మినహాయింపు నిబంధనను సవరిస్తామనగానే, ఆర్వీల్లో ఉండటాన్నే నేరం చేయబోతున్నారంటూ గగ్గోలు రేగింది. 2018 చివర్లో తుది నిబంధన వచ్చినప్పుడు, తాము చూసేది నిర్మాణాన్నేనని, కొన్నవాళ్లు ఎలా వాడుకుంటారన్నది తమ పరిధి కాదని హడ్ స్పష్టం చేసింది. ఎన్‌ఎఫ్‌పీఏ 1192 అనే ఆర్వీ ప్రమాణం ప్రకారమో, పార్కులో ఎక్కువకాలం నిలిపి ఉంచే పార్క్ మోడళ్లకైతే ఏఎన్‌ఎస్‌ఐ ఏ119.5 ప్రకారమో తయారైనవి ఆ మినహాయింపు కిందికి వస్తాయంది. అయినా హడ్ ఒప్పుకోదన్న మాట ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఆపేది హడ్ కాదు, ఊరి జోనింగ్ బోర్డు.

మరి సొంత స్థలంలో వద్దంటే ఎక్కడికి పోవాలి? పశ్చిమ రాష్ట్రాల్లో చాలామంది చూపు ప్రభుత్వ భూముల మీద పడుతుంది. ఫెడరల్ భూనిర్వహణ సంస్థ అయిన బీఎల్ఎం భూముల్లో సాధారణంగా 28 రోజుల వ్యవధిలో 14 రోజులు ఉచితంగా ఉండనిస్తారు, ఆ తర్వాత దూరంగా ఇంకోచోటికి కదలాలి. నేషనల్ ఫారెస్టుల్లోనూ దాదాపు ఇంతే. పైగా అనుమతి లేకుండా అటవీ భూమిని నివాసంగా వాడుకోవడాన్ని అక్కడి నిబంధన నేరుగా నిషేధిస్తుంది. అంటే గడువు దాటకపోయినా, వేరే ఇల్లు లేకుండా అక్కడే కాపురం పెట్టారని రేంజర్‌కు అనిపిస్తే టెన్షన్ తప్పదు.

శీతాకాలంలో ఎడారికి తరలివచ్చే వేలమందిని ప్రతి రెండు వారాలకూ కదిలించడం బీఎల్ఎం వల్ల కాలేదు. అందుకే 1983లో అరిజోనా, కాలిఫోర్నియా ఎడారుల్లో దీర్ఘకాల సందర్శకుల ప్రాంతాలు తెరిచింది. క్వార్ట్‌జ్‌సైట్ దగ్గరి లా పోసా వాటిలో పేరున్నది. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఒక్క పర్మిట్‌తో ఉండొచ్చు. చాలా ఏళ్లపాటు ఆ ఏడు నెలలకు రుసుము 180 డాలర్లే. కానీ మిగతా ఐదు నెలల ఎండల్లో అక్కడ ఉండాలని ఎవరూ కోరుకోరు. చట్టబద్ధత కూడా రుతువును బట్టే అన్నమాట. దక్షిణ కాలిఫోర్నియాలో నైలాండ్ దగ్గరి స్లాబ్ సిటీది ఇంకో దారి. యుద్ధకాలపు మెరైన్ శిబిరం ఖాళీ అయ్యాక మిగిలిన కాంక్రీటు దిమ్మెల మీద, రాష్ట్ర ప్రభుత్వ స్థలంలో, జనం దశాబ్దాలుగా ఉంటున్నారు. అనుమతి లేదు, ఖాళీ చేయించేవారూ లేరు. నీళ్లు, మురుగు, కరెంటు ఎవరికి వారే చూసుకోవాలి.

అద్దె కట్టి ప్రైవేటు ఆర్వీ పార్కులో ఉందామంటే అక్కడా చిక్కులే. పదేళ్లు దాటిన బండిని రానివ్వమని చాలా పార్కులు రాసిపెడతాయి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఒకే పార్కులో తొమ్మిది నెలలు ఉన్నవారికి సరైన కారణం లేకుండా ఖాళీ చేయించకుండా రక్షణ వస్తుంది. చట్టం ఉద్దేశం మంచిదే. కానీ ఆ గడువు నిండకముందే పంపించేయడానికి యజమానికి ఇదే చాలు.

నేల దొరికినా చిరునామా కావాలి. లైసెన్సుకు, బీమాకు, ఓటుకు అన్నిటికీ అదే ఆధారం. 1978లో జో, కే పీటర్సన్ దంపతులు మొదలుపెట్టిన ఎస్కేపీస్ క్లబ్ టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఉత్తరాలు అందుకుని పంపే సేవ నడుపుతోంది. రోడ్డు మీదే బతికేవాళ్లకు ఆ ఊరే అధికారిక చిరునామా అయింది. ఆదాయపు పన్ను లేని సౌత్ డకోటా ఒక్క రాత్రి బస చేసిన రసీదుతో లైసెన్సు ఇచ్చి ఇలాంటివాళ్లను ఆకర్షించింది. కానీ 2023లో ఓటు నమోదుకు మాత్రం 30 రోజుల నివాసం కావాలని అదే రాష్ట్రం చట్టం చేసింది.

ఇవేవీ అందనివారికి మిగిలేది వీధి. అక్కడ నగరాల తీరు అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంటుంది. వాహనంలో నివసించడాన్ని నిషేధిస్తూ లాస్ ఏంజెలెస్ 1983లో చేసిన ఆర్డినెన్సు మరీ అస్పష్టంగా ఉందని 2014లో తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. కారులో దుప్పటి, నీళ్ల సీసా ఉన్నంత మాత్రాన అది నివాసమవుతుందా అన్నది అక్కడ తేలని ప్రశ్న. నగరం వేరే మాటలతో కొత్త నిబంధన తెచ్చుకుంది. 72 గంటలకు మించి ఒకేచోట ఉందని సియాటెల్ నగరం ఒక వ్యక్తి ట్రక్కును లాక్కెళ్తే, ఆయన అందులోనే ఉంటున్నాడు కాబట్టి రాష్ట్ర చట్టం ప్రకారం అది ఆయన నివాసమేనని, వేసిన రుసుము మితిమీరిందని 2021లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఊపు ఎక్కువ కాలం నిలవలేదు. బహిరంగ స్థలాల్లో మకాం పెట్టడాన్ని నగరాలు శిక్షించవచ్చని 2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో తీర్పిచ్చింది. అప్పటినుంచి చాలా నగరాలు పట్టు బిగించాయి.

రాష్ట్రాల్లో ఒరెగాన్ మాత్రం కొంత భిన్నంగా నడిచింది. పార్కులో సక్రమంగా నీరు, విద్యుత్తు, మురుగు కనెక్షన్లతో నివాసంగా వాడుతున్న ఆర్వీని, అది ఆర్వీ అన్న ఒక్క కారణంతో స్థానిక ప్రభుత్వాలు నిషేధించకూడదని, ఉండే గడువు పెట్టకూడదని 2005లోనే చట్టం చేసింది. వాషింగ్టన్ 2009లో మొబైల్ హోమ్ పార్కుల వరకు ఇలాంటి రక్షణే ఇచ్చింది. 2021లో పోర్ట్‌లాండ్ నగరం ఇళ్ల పెరట్లో ఆర్వీలో గానీ, చక్రాల మీది టైనీ హౌస్‌లో గానీ ఉండనిచ్చింది. 2023లో ఒరెగాన్ ఇంకో అడుగు వేసి, గ్రామీణ స్థలాల్లో యజమాని ఇంటి పక్కన ఒక ఆర్వీకి చోటు అద్దెకిచ్చే వీలు కల్పించింది. అయితే దాన్ని అమలుచేయాలా వద్దా అన్నది మళ్లీ కౌంటీ ఇష్టానికే వదిలేసింది. ఒప్పుకున్న చోట యజమాని నీరు, కరెంటు, మురుగు సదుపాయం చూపించాలి, బండి అద్దెకున్నవారి సొంతమో లీజుకు తీసుకున్నదో అయి ఉండాలి. ఆ చోటును సెలవుల విడిదిగా మాత్రం వాడకూడదు.