మంచినీళ్ల దోమ

పోయిన ఏడాది ఆగస్టులో మల్కాజిగిరిలో ఉండే మా పిన్నికి డెంగీ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ ఒక ప్రశ్న మాత్రం ఆమెను వదల్లేదు. "ఇల్లు అద్దంలా ఉంచుకుంటాను కదరా. వాకిట్లో మురికి చుక్క కూడా ఉండదు. మూసీ ఎక్కడ, మేమెక్కడ? నాకెలా వచ్చింది?"

ఇల్లంతా తిరిగి చూశాను. వంటింటి కిటికీలో మనీప్లాంట్ పెట్టిన గాజు సీసా. ఫ్రిజ్ వెనక, కింద నీళ్లు చేరే ట్రే. ఎండాకాలం అయిపోయాక మేడ మీదికి చేర్చిన కూలర్. నల్లా రాని రోజు కోసం నింపి పెట్టుకున్న నీలం డ్రమ్ము. సీసాను వెలుతురుకు పట్టి చూస్తే సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతూ, కాస్త కదిలించగానే మెలికలు తిరుగుతూ అడుగుకు పోతున్నాయి.

డెంగీని ఎక్కువగా మోసే దోమ పేరు ఈడిస్ ఈజిప్టై. నల్లటి ఒళ్లు, కాళ్ల మీద తెల్ల చారలు. దీని పుట్టిల్లు ఆఫ్రికా అడవులు. అక్కడ చెట్టు తొర్రల్లో నిలిచిన వాననీటిలో పెరిగేది. మనుషుల దగ్గరికి చేరాక తొర్రల బదులు కుండలు, తొట్లు దొరికాయి. ఓడల్లో నీటి పీపాలతో పాటే సముద్రాలు దాటింది. దీనికి మురుగు అక్కర్లేదు, మనం పట్టి ఉంచుకున్న మంచినీళ్లే చాలు. మూసీ ఒడ్డున, మురుగు కాలువల్లో పెరిగి రాత్రంతా చెవి దగ్గర రొద చేసేది చాలామటుకు క్యూలెక్స్ అనే వేరే దోమ. దానివల్ల బోదకాలు వస్తుంది గానీ డెంగీ రాదు. మన కోపమంతా దాని మీదే. పట్టపగలు బల్ల కింద చేరి, చప్పుడు లేకుండా చీలమండల దగ్గర కుట్టిపోయే ఈడిస్‌ను పట్టించుకోం.

ఈ చారల దోమకూ మన ఊరికీ పాత పరిచయమే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆయన పేరుతో ఉన్న ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. నాకు ఆ రోజు కంటే దానికి ముందు గడిచిన రెండేళ్ల మీదే ఆసక్తి ఎక్కువ. అన్నాళ్లూ ఆయన ఓపికగా కోసి చూసింది బూడిద రంగు దోమలను, చారల దోమలను. వాటిలో మనిషి మలేరియా క్రిమి పెరగదు. మలేరియాను మోసే మచ్చల రెక్కల అనాఫిలిస్ దోమ దొరికాకే ఆయన కష్టం ఫలించింది. ఆ చారల దోమలు ఈడిస్ కుటుంబానివి. డెంగీని మోసే వంశం అప్పటికే ఆయన సూక్ష్మదర్శిని కింద ఉంది, ఆయన వెతుకుతున్నది వేరే జబ్బు.

ఇక వైరస్ సంగతి. పిన్ని సీసాలోని పురుగులు దోమలై ఎగిరినా, ఆ వెంటనే వాటి వల్ల డెంగీ రాదు. ముందు అవి ఒంట్లో వైరస్ ఉన్న మనిషిని కుట్టాలి. జ్వరం మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, మొదలయ్యాక నాలుగైదు రోజుల దాకా వైరస్ రక్తంలో బాగా ఉంటుంది. అలా దోమ కడుపులోకి వెళ్లిన వైరస్ పేగు గోడ దాటి, ఒళ్లంతా పాకి, లాలాజలంలోకి చేరాలి. దానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. దోమ బతికేదే రెండు మూడు వారాలు. అన్నాళ్లు బతికి బట్టకట్టిన ఆడదోమే ప్రమాదం. అది ఒకేచోట కూర్చుని కడుపు నింపుకోదు. చెయ్యి విదిలిస్తే లేచి పక్కవాళ్లను కుడుతుంది, అక్కడా కుదరకపోతే ఇంకొకరిని. ఒకే ఇంట్లో వరసగా ముగ్గురు నలుగురు పడకెయ్యడం అందుకే.

అంటే పిన్ని జ్వరానికి కారణం ఆ పురుగులు కాదు. జ్వరంలో ఉన్న ఇంకెవరినైనా కుట్టి, పది రోజుల తర్వాత పక్క ఫ్లాటులో పసిపిల్లను కుట్టగల దోమలు అవి.

మరి ఆమెకు ఎక్కడ అంటి ఉంటుంది? ఈడిస్ తన జీవితకాలంలో సాధారణంగా కొన్ని వందల మీటర్లు మించి ఎగరదు. మల్కాజిగిరి నుంచి మియాపూర్‌కు వైరస్‌ను తీసుకెళ్లేది మనమే, ఎంఎంటీఎస్‌లో, సిటీ బస్సులో, మెట్రోలో. సోకిన వాళ్లలో చాలామందికి జ్వరం కూడా రాదు, అయినా వాళ్ల నుంచి దోమకు వైరస్ అంటుకోగలదు. పెరూ దేశంలోని ఇకిటోస్‌లో పరిశోధకులు జనం రాకపోకలను గమనిస్తే, ఒకరి ఇంటి నుంచి ఒకరి ఇంటికి వెళ్లిరావడమే డెంగీ పాకడానికి ముఖ్య కారణమని తేలింది. మా పిన్నికి జ్వరం వచ్చింది శ్రావణమాసంలో. ముందు వారమంతా పేరంటాలకని నాలుగిళ్లు తిరిగింది. దోమ కుట్టాక జ్వరం రావడానికి నాలుగు నుంచి పది రోజులు పడుతుంది.

వీధిలో ఫాగింగ్ బండి వస్తే అందరికీ ధైర్యం. కానీ ఆ పొగ చంపేది ఎగురుతున్న దోమలను. ఈడిస్ పరదాల వెనక, మంచాల కింద, బీరువా సందుల్లో ఉంటుంది. బండి చప్పుడు వినగానే మనం కిటికీలు మూసేస్తాం. ఇక గుడ్లనైతే ఏ పొగా ఏమీ చెయ్యదు. నీటి అంచుకు కాస్త పైన పాత్ర గోడకు అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. మేడ మీది కూలర్‌లో తొలకరి నీళ్లు చేరగానే పొదుగుతాయి. అందుకే నీళ్లు పారబోస్తే సరిపోదు, గోడలు గట్టిగా రుద్ది కడగాలి. గుడ్డు దోమయ్యేసరికి వారం పది రోజులు కాబట్టి వారానికోసారి తప్పదు. 2020లో తెలంగాణలో మొదలుపెట్టిన 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' అనే, ఇంట్లో నిలిచిన నీళ్లు తీసేసే కార్యక్రమం వెనక ఉన్న లెక్క ఇదే. మంచి లెక్క. కానీ కట్టుబడి జరుగుతున్న అపార్టుమెంట్ల లిఫ్టు గుంతల్లో, క్యూరింగ్ కోసం స్లాబు మీద కట్టిన నీళ్లలో ఆదివారం పది గంటలకు చెయ్యి పెట్టేవాళ్లు ఎవరు? రోజూ నీళ్లు రాని బస్తీలో డ్రమ్ములు నింపుకోవడం తప్పని అనే హక్కు కూడా మనకు లేదని నా అభిప్రాయం.

వైద్యం గురించి ఒక్కమాట. అందరి టెన్షన్ ప్లేట్‌లెట్ల లెక్క మీదే ఉంటుంది. అసలు జాగ్రత్తగా ఉండాల్సింది జ్వరం దిగిన ఒకటి రెండు రోజులు. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే క్షణం ఆలస్యం చెయ్యకూడదు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలు ఉన్నాయి. ఒకసారి ఒక రకం వచ్చినవాళ్లకు తర్వాత ఇంకో రకం సోకితే ముదిరే ప్రమాదం ఎక్కువ. పిన్నికి ఇది మొదటిసారి.

మనీప్లాంట్‌ను ఇప్పుడు మట్టికుండీలోకి మార్చింది. డ్రమ్ము మాత్రం అక్కడే ఉంది, నల్లా రోజు విడిచి రోజు వస్తుంది మరి. పాత కాటన్ చీరను రెండు మడతలు వేసి డ్రమ్ము మూతికి తాడుతో బిగించి కట్టింది. శుక్రవారం పొద్దున్నే, పూజ కంటే ముందు, డ్రమ్ము వంచి కొబ్బరి పీచుతో లోపలి అంచు రుద్దుతోంది.