పానకాలస్వామి వాటా

చిరంజీవులైన చిన్నోడికీ, చిట్టితల్లికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మీరు ఫోన్లో అడిగినదానికి ఫోన్లోనే జవాబు చెప్పొచ్చు. కానీ అంకెలు నోటితో చెబితే నిలవవు, పైగా మీరిద్దరూ ఒకేసారి మాట్లాడతారు. అందుకని రాస్తున్నాను. చేనేత సొసైటీలో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసిన చెయ్యి, కాగితం మీదైతేనే సరిగ్గా ఆలోచిస్తుంది.

మన మంగళగిరి చీరల వెబ్‌సైట్‌కి ఏ పేమెంట్ గేట్‌వే, అంటే కొన్నవాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని మన ఖాతాకి చేర్చే కంపెనీ, పెట్టాలని కదా మీ ప్రశ్న. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ, సీసీఅవెన్యూ అని నాలుగు పేర్లు రాసి, పక్కన పర్సంటేజీలు వేసి పంపారు. పట్టిక ముచ్చటగా ఉంది. కానీ ఉండాల్సిన గడి ఒకటి లేదు. కొన్నవాళ్ళు కట్టిన డబ్బు మనకి చేరేలోపు ఎన్ని రోజులు వాళ్ళ దగ్గర ఉంటుంది, ఏ కారణం చూపి ఆపుతారు, ఆపితే ఎవరిని అడగాలి? నా దృష్టిలో ముందు చూడాల్సింది అది. రేటు తర్వాత.

రేటు సంగతి తొందరగా తేల్చేద్దాం. కొండ మీద పానకాలస్వామికి బిందెడు పానకం పోస్తే సగం పుచ్చుకుని సగం ప్రసాదంగా వదిలేస్తాడని కదా మన నమ్మకం. గేట్‌వేకీ ఒక వాటా ఉంటుంది. కాకపోతే స్వామి అంత కాదు, నూటికి రెండు రూపాయల దగ్గర్లో. ఐదు వేల చీర అమ్మారనుకోండి. రెండు శాతం అంటే వంద. ఆ వంద మీద 18 శాతం జీఎస్‌టీ, పద్దెనిమిది రూపాయలు. మీ ఖాతాలో పడేది 4,882. మీ మామయ్య మొదటి ఏడాది పుస్తకంలో అమ్మకం 4,882 అని రాసుకుంటూ పోయాడు. అది తప్పు. అమ్మకం ఐదు వేలే. వంద ఖర్చు పద్దులోకి, పద్దెనిమిది విడిగా. జీఎస్‌టీ నంబరు ఉంటే ఆ పద్దెనిమిదికి క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే మనం కట్టాల్సిన జీఎస్‌టీలోంచి తగ్గించుకోవచ్చు.

ఇక మీ పట్టికలో ఒక కంపెనీ రేటు 1.95 శాతం, ఇంకొకటి 2 శాతం. చిన్నోడు దానికి ఎర్ర రంగు కూడా వేశాడు. ఐదు వేల చీర మీద ఆ తేడా రెండున్నర రూపాయలు. నెలకి నలభై చీరలు అమ్మితే వంద. ఆ వంద కోసం ఇంత తల బద్దలు కొట్టుకోవడం అనవసరం.

యూపీఐ సంగతి వేరు. 2020 జనవరి 1 నుంచి యూపీఐకీ రూపే డెబిట్ కార్డుకీ ఎండీఆర్ సున్నా. ఎండీఆర్ అంటే అమ్మినవాడి డబ్బులోంచి బ్యాంకులు మినహాయించుకునే రుసుము. అయినా గేట్‌వే కంపెనీ తన సర్వీసు వాడినందుకు విడిగా ఫీజు వేయొచ్చు. అందుకని మన ప్లాన్‌లో యూపీఐకి ఎంత, యూపీఐ ద్వారా క్రెడిట్ కార్డు వాడితే ఎంత అని ఈమెయిల్ పెట్టి, జవాబు రాతలో తెప్పించుకోండి. ఫోన్లో సేల్స్ అబ్బాయి చెప్పిన మాట లెక్కలోకి రాదు.

"అలాంటప్పుడు మన సొంత క్యూఆర్ పెట్టేస్తే పోలా అమ్మమ్మా?" అని చిన్నోడు అంటాడని తెలుసు. రోజుకి నాలుగు ఆర్డర్లుంటే పోతుంది, హాయిగా పెట్టుకోండి. మొన్న సంక్రాంతికి నేను వాట్సాప్‌లో అలాగే అమ్మాను. ఒకే సాయంత్రం 2,850 రూపాయలు మూడుసార్లు వచ్చాయి. ఎవరివి ఎవరివో తేలక, తెనాలి వెళ్ళాల్సిన చీర నెల్లూరు పంపాను. ఇంకొకావిడ డబ్బు వేశానని స్క్రీన్‌షాట్ పెట్టింది. బ్యాంకులో చూస్తే ఏమీ లేదు. స్క్రీన్‌షాట్ అనేది చిత్రపటం. డబ్బు వచ్చిందో లేదో పాస్‌బుక్కే చెప్పాలి.

ఇప్పుడు అసలు సంగతి. మూడేళ్ళ కిందట దసరాకి మీ మామయ్య సైట్ బాగా నడిచింది. తొమ్మిది రోజుల్లో నాలుగు లక్షలు దాటింది. పదో రోజు నుంచి ఖాతాలో పైసా పడలేదు. రిస్క్ రివ్యూలో ఉందని ఒక మెయిల్, మళ్ళీ అదే మెయిల్. కంపెనీ పేరు ఎందుకులే. ఫోన్ నంబరు లేదు, చాట్‌లో మాట్లాడేది మనిషో మెషీనో తెలియదు. పంతొమ్మిది రోజులు అలా గడిచాయి. మగ్గం మీద కూర్చున్నవాళ్ళకి మజూరీ వారం వారం ఇవ్వాలి కదా, గుంట మగ్గానికి రిస్క్ రివ్యూ అంటే ఏం తెలుస్తుంది? నా ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద లోన్ తీసి సర్దాం.

చివరికి డబ్బు మొత్తం వచ్చింది. కోపం తగ్గాక కూర్చుని చూస్తే సగం తప్పు మనదే. ఫారం నింపేటప్పుడు మీ మామయ్య నెలకి అమ్మకం యాభై వేలు అని రాశాడు. తొమ్మిది రోజుల్లో నాలుగు లక్షలు వస్తే దొంగ అమ్మకమేమో అని వాళ్ళ సిస్టమ్ ఆపడంలో వింత లేదు. సైట్‌లో రిటర్న్ పాలసీ పేజీ లేదు. పాన్ కార్డులో పేరు ఒకటి, బ్యాంకు ఖాతాలో ఒకటి, సైట్ మీద షాపు పేరు మరొకటి. మీరు కేవైసీ ఇచ్చేటప్పుడు ఈ మూడూ ఎలా కలుస్తాయో చూపించండి. పండగ సీజన్‌కి పది రోజుల ముందే, అమ్మకం పెరుగుతుందని వాళ్ళకి మెయిల్ పెట్టండి. సిగ్గుపడొద్దు, అది మామూలు విషయమే.

పంతొమ్మిది రోజులు ఆపినా డబ్బు మునగకపోవడానికి ఒక కారణం ఉంది. అమ్మేవాళ్ళ తరఫున డబ్బు వసూలు చేసే ఇలాంటి కంపెనీలని పేమెంట్ అగ్రిగేటర్లు అంటారు. వీళ్ళకి రిజర్వ్ బ్యాంకు 2020 మార్చిలో నిబంధనలు పెట్టింది. కొన్నవాళ్ళ డబ్బుని కంపెనీ తన సొంత డబ్బులో కలపకూడదు. బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో, అంటే ఇతరుల డబ్బు భద్రంగా ఉంచే ప్రత్యేక ఖాతాలో, విడిగా ఉంచాలి. అనుమతి ఉన్న కంపెనీల జాబితా రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. మీ నాలుగు పేర్లనీ అందులో వెతకండి. బ్రాండ్ పేరుతో కనబడకపోతే కంపెనీ అసలు పేరుతో చూడండి. జాబితాలో లేనివాడు ఒక శాతానికే ఇస్తానన్నా నాకు చెప్పకండి.

నా చిన్నతనంలో ఈ పని పోస్టాఫీసు చేసేది. వీపీపీ అని, పార్సిల్ పోస్ట్‌మ్యాన్ పట్టుకెళ్ళి, డబ్బు తీసుకున్నాకే చేతికిచ్చేవాడు. ఆ డబ్బు మనియార్డరుగా మనకి వచ్చేది. నమ్మకం మధ్యవర్తిది. పార్సిల్ వద్దని తిప్పి పంపేస్తే రెండు వైపుల ఖర్చూ మనదే. మీరు క్యాష్ ఆన్ డెలివరీ అంటున్నది దాని మనవడే, బుద్ధులు కూడా అవే. మొదట్లో పెట్టొద్దు.

చిట్టితల్లీ, సైట్ పని నువ్వు చూస్తున్నావు కాబట్టి ఇది నీకు. కొన్నావిడ యూపీఐలో డబ్బు కట్టి, మళ్ళీ మన సైట్‌కి రాకుండా ఫోన్ మూసేసిందనుకో. డబ్బు పోయింది, ఆర్డర్ నమోదవలేదు. ఆవిడకి టెన్షన్, మనకి తిట్లు. వెబ్‌హుక్ అని ఒకటి ఉంటుందట, గేట్‌వే నేరుగా మన సైట్‌కి 'ఫలానా డబ్బు ముట్టింది' అని చెబుతుంది. ఒకప్పుడు రిజిస్టర్డ్ పోస్టుకి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు విడిగా తిరిగొచ్చినట్టు. మన సైట్‌లో అమ్మకాలు నడిపే వూకామర్స్‌కి గేట్‌వేని కలిపే ప్లగిన్‌లో అది ఆన్ చేశావో లేదో చూడు. యూపీఐలో డబ్బు కట్ అయ్యి మన వైపు నిర్ధారణ కాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లో ఆవిడ ఖాతాకి వెనక్కి వెళ్ళాలి. దాటితే రోజుకి వంద రూపాయలు పరిహారం. ఇది 2019 సెప్టెంబరు నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధన. సైట్‌లో ఈ ముక్క రాసిపెడితే సగం ఫోన్లు తగ్గుతాయి. ఇంకోటి, కొన్నవాళ్ళ కార్డు నంబర్లు మన దగ్గర దాచే పని పెట్టుకోకు. 2022 అక్టోబరు 1 నుంచి అమ్మేవాళ్ళు అవి దాచకూడదు, బదులుగా టోకెన్ అని, కార్డు నంబరుకి మారుగా వాడే కోడ్ ఉంటుంది, అదంతా గేట్‌వే చూసుకుంటుంది.

చీర వెనక్కొస్తే ఐదు వేలూ తిరిగిచ్చేస్తాం. చాలా ప్లాన్లలో ఆ 118 రూపాయలు మాత్రం మనకి తిరిగి రావు. అందుకే ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫొటోలు తీసేసి పగటి వెలుతురులో తియ్యండి. రంగు వేరుగా ఉందనే మాట మనల్ని ముంచేది. డెలివరీ అయిన కాగితాలు కూడా దాచండి. చీర అందలేదని ఎవరైనా కార్డు బ్యాంకుకి ఫిర్యాదు చేస్తే, అదే ఛార్జ్‌బ్యాక్, రుజువు చూపడానికి గడువు చాలా తక్కువ ఉంటుంది.

డల్లాస్‌లో మీ పిన్ని స్నేహితురాళ్ళు అడుగుతున్నారని చెప్పారు. విదేశీ కార్డులకి విడిగా అనుమతి అడగాలి, ఫీజు ఎక్కువ, ఎగుమతికి ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతుల కోడ్ నంబరు కావాలి. పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి మన దేశంలోపలి చెల్లింపులు ఆపేసింది, బయటి నుంచి వచ్చేవాటికి పనికొస్తుంది. అది దీపావళి తర్వాత చూద్దాం.

నన్ను ఒక్క పేరు చెప్పమంటే చెప్పను. ఒక పని చెయ్యండి. జాబితాలో ఉన్న కంపెనీలన్నిటికీ శనివారం సాయంత్రం ఏడింటికి ఒకే ప్రశ్న పంపండి: "సెటిల్‌మెంట్ (మా డబ్బు మా ఖాతాలో వేయడం) ఆపితే ఎవరితో మాట్లాడాలి?" సోమవారం మధ్యాహ్నంలోపు మనిషి పేరుతో జవాబిచ్చినవాళ్ళతో మొదలుపెట్టండి. ఏడాది ఫీజు ముందే కట్టించుకునే ప్లాన్ వద్దు. మొదటి రెండు నెలలు పేమెంట్ లింకులు, అంటే కొనేవాళ్ళకి మెసేజ్‌లో పంపితే నొక్కి డబ్బు కట్టే లింకులు, చాలు.

అంతా పెట్టాక నాకు చెప్పండి. టెస్ట్ మోడ్ కాదు, నిజం డబ్బుతో నా ఫోన్ నుంచి రెండు చీరలు ఆర్డర్ పెడతాను, ఒకటి యూపీఐతో, ఒకటి కార్డుతో. కార్డుతో కొన్నది క్యాన్సిల్ చేస్తాను. డబ్బు మీకు ఏ రోజు పడిందో, నాకు ఏ రోజు తిరిగొచ్చిందో తారీఖులు డైరీలో రాసుకుంటా. యూపీఐతో కొనేది ఆ చిలకాకుపచ్చ నిజాం అంచు చీర. అది మాత్రం నిజంగా పంపండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ