ఆరెంజ్‌కు ప్రాస దొరుకుతుందా?

పులివెందుల వైపు చీనీ (బత్తాయి) తోటల మధ్య పెరిగిన ఒక అమ్మాయి, కడపలో డిగ్రీ చదువుతూ, తమ తోట మీద ఇంగ్లీషులో చిన్న పద్యం రాసి తెచ్చింది. మొదటి పాదం చివర ‘ఆరెంజ్’ అని ఉంది. దానికి జోడీగా రెండో పాదం ‘రివెంజ్’తో ముగిసింది. తోట పద్యంలోకి పగ ఎందుకొచ్చింది తల్లీ అని అడిగితే, “ప్రాస కోసం సార్” అంది.

మన నోట ఆ రెండు మాటలూ చక్కగానే కలుస్తాయి. ఇంగ్లీషు చెవికి మాత్రం కలవవు. ఇంగ్లీషు మాటలో ఏదో ఒక అక్షరం మీద గొంతు బరువు పడుతుంది. దాన్ని స్ట్రెస్ అంటారు. పూర్తి ప్రాస లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. బరువు పడిన అచ్చు దగ్గర నుంచి మాట చివరిదాకా ధ్వనులన్నీ ఒకటే కావాలి, ఆ అచ్చుకు ముందున్న హల్లు మాత్రం వేరుగా ఉండాలి. లైట్, నైట్ అలా కుదిరిన జంట. రివెంజ్‌లో బరువు చివరి ‘వెంజ్’ మీద పడుతుంది. ఆరెంజ్‌లో మొదటి ‘ఆ’ మీదే పడిపోతుంది, ఆ తర్వాతిదంతా తేలిగ్గా, దాదాపు ‘రింజ్’ అన్నట్టు జారిపోతుంది. అంటే దీనికి ప్రాస కావాలంటే ‘ఆరింజ్’ అన్న ధ్వని మొత్తం ఇంకో మాటలో దొరకాలి. తెలుగు మాటల్లో ఇలాంటి బరువు తేడా అంతగా వినబడదు కాబట్టి మన పిల్లలు చివరి ముక్క చూసి సరిపెట్టుకుంటారు.

రాతను నమ్మితే అసలుకే మోసం. కాఫ్, టఫ్, దో అనే మాటలు ఇంగ్లీషులో ough అనే ఒకే నాలుగు అక్షరాలతో ముగుస్తాయి, కానీ ఏ రెండిటికీ ప్రాస కుదరదు. టఫ్‌కు ప్రాస స్టఫ్, దాని స్పెల్లింగ్ పూర్తిగా వేరు.

మరి ‘ఆరింజ్’ ఇంకెక్కడైనా ఉందా? ఉంది, వేల్స్ దేశంలో. అబెర్గవెన్నీ ఊరి దగ్గర 561 మీటర్ల ఎత్తున్న ఒక కొండ పేరు బ్లారెంజ్. అచ్చమైన ప్రాసే, కానీ చీనీ తోట పద్యంలోకి వేల్స్ కొండను లాక్కురావడం కష్టం. సిల్వర్‌ది కూడా ఇదే అవస్థ. దానికి ‘చిల్వర్’ అనే పాత మాట ఉంది, ఆడ గొర్రెపిల్ల అని అర్థం. గొర్రెల మందలు కళ్లముందు తిరిగే అనంతపురం వాళ్లకు ఇది పనికొచ్చే మాటేనని నా ఉద్దేశం.

పూర్తి ప్రాస చేతికి రానప్పుడు దగ్గరి ప్రాసను వెతకాలి. దాన్ని చాలామంది రాజీ అనుకుంటారు. నేను అలా అనుకోను, మన ఛందస్సు కూడా అలా అనుకోలేదు. వేమన పద్యం మనందరికీ నోటికి వచ్చిందే: ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రుచుల జాడ వేరు. ఇది ఆటవెలది పద్యం. అందులో ప్రతి పాదానికీ మొదటి అక్షరంతో నాలుగో గణం (అక్షరాల చిన్న గుంపు) మొదటి అక్షరం కలవాలి, దీన్నే యతి అంటారు. మొదటి పాదంలో ‘ఉ’కు ‘నొ’లోని ‘ఒ’ జత. ఉ, ఒ ఒకటి కావు. అయినా పెదవులు గుండ్రంగా తిరిగే ధ్వనులు కాబట్టి వాటికి మైత్రి ఉందన్నారు. రెండో పాదంలో చూడ, జాడ అని రెండో అక్షరం ‘డ’ కలిసింది, అది ప్రాసయతి. యతి మైత్రి జాబితా చాలావరకు నోటిలో ధ్వని పుట్టే చోటును బట్టి అల్లిందే. క ఖ గ ఘ ఒక గుంపు, త థ ద ధ ఒకటి, ప ఫ బ భ ఒకటి. చ ఛ జ ఝ లతో శ ష స కూడా కూర్చుంటాయి. అచ్చులతో య, హ కలుస్తాయి. యతి పాదం మధ్యలో పడుతుంది, ఇంగ్లీషు ప్రాస చివర పడుతుంది. చోటు వేరు, కానీ ఏ ధ్వనికి ఏది చుట్టమో గుర్తుపట్టే చెవి ఒకటే. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఈ సంగతి మీద ఎంత శ్రద్ధ పెట్టాడంటే, 1827లోనే తెలుగు, సంస్కృత ఛందస్సును వివరిస్తూ ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చువేశాడు. వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో వచ్చింది ఆ తర్వాతే, 1829లో.

ఇప్పుడు ఆ జాబితా పట్టుకుని ఆరెంజ్ దగ్గరికి వెళ్దాం. అమెరికా ర్యాపర్ ఎమినెమ్ 2010లో ఒక టీవీ ఇంటర్వ్యూలో, ఈ మాటకు ప్రాస లేదనే వాళ్లకు జవాబుగా వరసగా కొన్ని మాటలు కలిపి చూపించాడు. ఫోర్ ఇంచ్, డోర్ హింజ్, స్టోరేజ్, పారిడ్జ్. అమెరికా యాసలో ఆరెంజ్ మొదటి అచ్చు ‘ఓర్’ వైపు వంగుతుంది, అందుకే ఫోర్, డోర్ పనికొచ్చాయి. ఫోర్ ఇంచ్‌లో ‘జ’ బదులు ‘చ’ వచ్చింది, మన లెక్కలో రెండూ ఒకే గుంపు. తలుపు బందు అని అర్థమిచ్చే డోర్ హింజ్‌లో మధ్యన ఒక ‘హ’ అడ్డొచ్చింది. అది ఊపిరి మాత్రమే, కాబట్టి చెవి దాన్ని దాటేస్తుంది. మన లాక్షణికులు, అంటే ఛందస్సు నియమాలు రాసినవాళ్లు, ‘ఇ’తో ‘హి’ని కలిపింది కూడా ఇందుకే. స్టోరేజ్‌లో, పారిడ్జ్‌లో సున్న తప్పిపోయింది, అందుకే అవి ఇంకొంచెం దూరం. బ్రిటిష్ ఉచ్చారణలో అయితే నాకు అన్నిటికన్నా నచ్చేది లాజెంజ్, గొంతు గరగరకు చప్పరించే బిళ్ల. అక్కడ ‘ర’ బదులు ఇంగ్లీషు జెడ్ (z) ధ్వని, అంతకుమించి తేడా లేదు.

కంప్యూటర్ ప్రాసలు వెతికేదీ ఇలాగే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ల ఉచ్చారణ నిఘంటువులో లక్షా ముప్పై వేలకు పైగా మాటలున్నాయి. ప్రతి మాటనూ స్పెల్లింగ్ వదిలేసి 39 ధ్వనుల్లో రాసి, ప్రతి అచ్చు పక్కన బరువును అంకెతో గుర్తించారు. బరువు పడిన అచ్చు నుంచి చివరిదాకా పోల్చుకుంటూ పోతే పూర్తి ప్రాసలు బయటపడతాయి. హల్లుల దగ్గర పట్టు కాస్త సడలిస్తే దగ్గరివి కూడా వస్తాయి.

మన జాబితా సరిపోని చోట్లు కూడా ఉన్నాయి. మంత్ (month) ఒకే అచ్చు ఉన్న చిన్న మాట, అయినా దానికి నిఘంటువులో పూర్తి ప్రాస లేదు. మనం దాని చివర ‘త్’ అని గట్టిగా ఆపుతాం, అందుకే హంట్, ఫ్రంట్ దగ్గరగా తోస్తాయి. ఇంగ్లీషువాళ్లు నాలుక కొసను పళ్ల దగ్గర పెట్టి గాలి వదులుతూనే ఉంటారు. అలా గాలి ఆగకుండా పోయే ఇంకో ధ్వని ‘స్’. అందుకని వాళ్ల చెవికి వన్స్ బాగా దగ్గర. మన యతిలో త, స లకు మైత్రి లేదు, ఇక్కడ ఉంది. కాబట్టి ఆ భాష మాట్లాడేవాళ్ల ఉచ్చారణ విని, పైకి అనుకుని చూడటం తప్పనిసరి.

ఇంకో దారి కూడా ఉంది, నేను పిల్లలకు ముందు అదే చెప్తాను. మొండి మాటను పాదం చివర నిలబెట్టకుండా మధ్యలోకి జరిపి, చివరికి ట్రీ, సన్, గ్రీన్ లాంటి మాటను తెచ్చుకుంటే ప్రాసలు కోకొల్లలు.