డిఫ్ లాకర్లు: అపోహలు, అసలు సంగతులు

యాక్సిళ్లు విప్పి బిగించడం నా పని. లాకర్ (ఒక యాక్సిల్ మీది రెండు చక్రాలూ కలిసే తిరిగేలా డిఫ్‌ను, అంటే డిఫరెన్షియల్‌ను, బిగించే పరికరం) పెట్టించుకోవాలని వచ్చేవాళ్లలో చాలామంది ఏ బ్రాండ్ కొనాలో ముందే తేల్చుకుని వస్తారు. మీ బండి ఎక్కడ, ఎందుకు ఆగిపోతోందని అడిగితే మాత్రం తడుముకుంటారు. బ్రాండ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఈ కింది విషయాలు తెలిస్తే తమకు ఏం కావాలో వాళ్లకే అర్థమవుతుంది. కొందరికైతే లాకరే అక్కర్లేదని తెలుస్తుంది.

అపోహ: ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే నాలుగు చక్రాలూ లాగుతాయి.

ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్స్ శక్తిని ముందుకూ వెనక్కూ పంపే పెట్టె) చేసేది ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులను (యాక్సిళ్లకు శక్తి తీసుకెళ్లే కడ్డీలను) కలపడం వరకే. ఒక్కో యాక్సిల్ లోపల మామూలు డిఫరెన్షియల్ అలాగే ఉంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి ఆ తేడాను సర్దడానికి పెట్టిన గేర్లు అవి. రెండు చక్రాల వేగం వేరుగా ఉండొచ్చు, టార్క్ (తిప్పే బలం) మాత్రం రెండింటికీ సమానంగానే పోతుంది.

చిక్కంతా అక్కడే వస్తుంది. 'జారే చక్రానికే టార్క్ అంతా పోతుంది' అని అందరూ అంటారు కానీ అది తప్పు. గాలిలోకి లేచిన చక్రం తిరగడానికి టార్క్ దాదాపు అక్కర్లేదు. పంపకం సమానం కాబట్టి, నేల మీద గట్టిగా కూర్చున్న రెండో చక్రానికీ అంతే కొంచెం అందుతుంది. గుంతల్లో బండి మెలి తిరిగి ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం తేలాయనుకోండి. ఆ రెండూ గిర్రున తిరుగుతుంటాయి, మిగతా రెండూ కదలవు. లాకర్ ఈ సమాన పంపకాన్ని రద్దు చేస్తుంది. రెండు యాక్సిల్ షాఫ్టులూ ఒకే కడ్డీలా తిరుగుతాయి, పట్టున్న చక్రం ఎంత టార్క్ తీసుకోగలిగితే అంత తీసుకుంటుంది.

అపోహ: లాకర్‌తో బండి పవర్ పెరుగుతుంది.

ఒక్క న్యూటన్ మీటర్ (టార్క్ కొలత) కూడా పెరగదు.

అపోహ: లాకర్ పెడితే యాక్సిల్ షాఫ్టులు విరుగుతాయి.

ఇది పూర్తిగా అబద్ధం కాదు, అందుకే కాస్త వివరంగా చెప్పాలి. ఓపెన్ డిఫ్‌లో (లాకర్ లేని మామూలు డిఫరెన్షియల్‌లో) ఒక షాఫ్టు మీద పడేది ఆ యాక్సిల్ టార్క్‌లో సగమే. లాక్ చేస్తే మొత్తం ఒక్క షాఫ్టు మీదే పడొచ్చు. 300 న్యూటన్ మీటర్ల ఇంజన్, మొదటి గేరు నిష్పత్తి 4, లో రేంజ్ (ట్రాన్స్‌ఫర్ కేసులోని నెమ్మది గేరు) 2.5, ఫైనల్ డ్రైవ్ (యాక్సిల్‌లోని గేర్ల నిష్పత్తి) 4.1 అనుకుందాం. మొత్తం 41 రెట్లు, అంటే 12,000 దాటుతుంది. ఈ అంకె చూసి భయపడేవాళ్లు టైరును మర్చిపోతారు. ఒక చక్రం మీద 600 కిలోల బరువు, టైరు వ్యాసార్థం 0.38 మీటర్లు, ఘర్షణ గుణకం 0.8 అయితే సుమారు 1,800 న్యూటన్ మీటర్ల దగ్గరే టైరు జారిపోతుంది. పక్క చక్రం లేస్తే దీని మీద బరువు పెరిగి ఆ హద్దూ పెరుగుతుంది కానీ 12,000 దరిదాపులకు కూడా రాదు. టైరు జారడమే షాఫ్టుకు రక్షణ.

మరి ఎప్పుడు విరుగుతుంది? టైరు రాళ్ల మధ్య ఇరుక్కుని జారే దారి లేనప్పుడు. గాలిలో వేగంగా తిరుగుతున్న చక్రం ఒక్కసారిగా నేలను తాకినప్పుడు. ముందు యాక్సిల్ లాకర్ వేసి, స్టీరింగ్ చివరిదాకా తిప్పి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు. ఆ కోణంలో సీవీ జాయింట్ (ముందు చక్రానికి షాఫ్టును కలిపే కీలు) బలం బాగా తగ్గిపోతుంది. వీటిలో మొదటి రెండూ లాకర్ లేని బండికీ జరుగుతాయి. స్టార్ పినియన్ (డిఫ్ లోపలి చిన్న గేరు) పళ్లు రాలిపోయి నా బెంచీ మీదికి వచ్చే ఓపెన్ డిఫ్‌లకు కొదవ లేదు. నిజానికి లాకర్ ఉంటే ఊపు మీద దూకించాల్సిన పని లేదు, మెల్లగా పాకించొచ్చు. నేను వద్దని చెప్పేది ఒకే కూర్పు: బాగా పెద్ద టైర్లు, లాకర్, కంపెనీ షాఫ్టులు, తొందరపడే కాలు.

అపోహ: ట్రాక్షన్ కంట్రోల్ ఉంటే లాకర్ దండగ.

ట్రాక్షన్ కంట్రోల్ జారే చక్రానికి బ్రేకు వేసి దొంగ ఆటంకం సృష్టిస్తుంది. టార్క్ సమానంగా పంచే డిఫ్ కాబట్టి, ఆ బ్రేకు తీసుకున్నంత టార్క్ రెండో చక్రానికీ అందుతుంది. తెలివైన ఏర్పాటే. కానీ మొదట చక్రం జారాలి, తర్వాతే అది పని మొదలుపెడుతుంది. పైగా కొంత శక్తి బ్రేకుల వేడికింద పోతుంది. అప్పుడప్పుడు మట్టి దారిలో వెళ్లేవాళ్లకు ఇది చాలు, నేను లాకర్ అమ్మజూపను. నిలువు రాతి మెట్టును అంగుళం అంగుళం ఎక్కాలంటే మాత్రం జారకముందే లాక్ అయి ఉండాలి.

గేర్లతో పనిచేసే టోర్సెన్ రకం లిమిటెడ్ స్లిప్ డిఫ్ (చక్రం జారడాన్ని కొంతవరకే అడ్డుకునే డిఫ్) గురించి కూడా ఇదే మాట అడుగుతారు. అది తక్కువ పట్టున్న చక్రం టార్క్‌కు కొన్ని రెట్లు రెండోదానికి ఇస్తుంది. చక్రం గాలిలో ఉంటే సున్నాకు ఎన్ని రెట్లయినా సున్నాయే. అప్పుడు బ్రేకు పెడల్ కొంచెం నొక్కి చూడండి, చాలాసార్లు బండి కదులుతుంది.

అపోహ: లాకర్లన్నీ ఒకటే.

డెట్రాయిట్ లాకర్ లాంటి ఆటోమేటిక్ రకం మామూలుగా లాక్ అయ్యే ఉంటుంది. మలుపులో వేగంగా తిరిగే బయటి చక్రాన్ని వదిలేస్తుంది. టకటక శబ్దం, అప్పుడప్పుడు దభీమని కుదుపు దాని సహజ గుణాలు. పొట్టి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం తక్కువున్న) బండి అయితే తడి రోడ్డు మీద యాక్సిలరేటర్ వదిలి తొక్కినప్పుడు వెనక భాగం పక్కకు లాగుతుంది, అలవాటు పడాలి. ఈటన్ మెకానికల్ లాకర్ వేరే తరహా: రెండు చక్రాల మధ్య తేడా దాదాపు 100 ఆర్‌పీఎం దాటితే తనే లాక్ అవుతుంది, గంటకు 32 కిలోమీటర్లు దాటాక లాక్ అవదు. ఏఆర్‌బీ ఎయిర్ లాకర్ (గాలి ఒత్తిడితో), ఈటన్ ఈ-లాకర్ (కరెంటుతో) స్విచ్చు నొక్కితే పనిచేస్తాయి, ఆఫ్ చేస్తే మామూలు డిఫ్‌లే. రోజూ రోడ్డు మీద తిరిగే బండికి నా ఓటు స్విచ్చు రకానికే.

అపోహ: దారి కష్టంగా ఉంటే లాకర్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలి.

పక్కకు వాలిన జారుడు నేల మీద ఇది ప్రమాదం. ఓపెన్ డిఫ్‌లో ఒక చక్రం జారినా రెండోది నేలను పట్టుకుని బండిని పక్కకు పోనివ్వదు. లాక్ చేస్తే రెండూ కలిసి తిరుగుతాయి, రెండింటిలో దేనికీ పక్కపట్టు మిగలదు, బండి వెనక భాగం వాలులోకి జారుతుంది. గట్టి రోడ్డు మీద లాక్‌తో మలుపు తిప్పితే షాఫ్టులు మెలిపడతాయి, టైర్లు అరుగుతాయి. ముందు యాక్సిల్ లాకర్ వేస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది, బండి తిన్నగా పోవాలనే చూస్తుంది. అందుకే వైరింగ్ చేసేటప్పుడు వెనకది ఆన్ అయితే తప్ప ముందుది పనిచేయకుండా పెడతాను. ఒక్కటే కొనగలిగితే, ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోతుంది కాబట్టి ఎక్కువ బండ్లకు వెనకదే ముందు.

అపోహ: పాతది తీసి కొత్తది పెట్టడమే కదా, పూట పని.

ఉన్న క్యారియర్‌లో (డిఫ్ గేర్లను మోసే గూడులో) స్టార్ పినియన్లు, సన్ గేర్లు (షాఫ్టుల చివర ఉండేవి) తీసి వాటి చోట పెట్టే రకమైతే ఆ మాట కొంత నిజం. క్రౌన్ వీల్ (క్యారియర్‌కు బిగించిన పెద్ద గేరు) కదలదు. క్యారియర్ మొత్తం మారే రకంలో అసలు పని కొలతలదే. ఆర్డర్ ఇవ్వకముందే యాక్సిల్ మోడల్, షాఫ్టు స్ప్లైన్ల (చివర ఉండే గాడుల) సంఖ్య, క్రౌన్-పినియన్ నిష్పత్తి చూసుకోవాలి. విప్పకముందు పాత బ్యాక్‌లాష్ (గేరు పళ్ల మధ్య వదులు) కొలిచి, పళ్ల మీద మార్కింగ్ రంగు పూసి అవి తాకిన అచ్చు చూసి రాసుకోవాలి. పినియన్ (క్రౌన్‌ను తిప్పే చిన్న గేరు) కదపకపోతే దాని లోతు మారదు. అయినా అచ్చులో లోతు తేడా కనిపిస్తే, అది పాత జబ్బేనని ఆ రాసుకున్నదే చెబుతుంది.

కొత్త క్యారియర్ కొలతలు పాతదానితో అచ్చంగా కలవవు కాబట్టి పాత షిమ్ములనే (సర్దుబాటు రేకులనే) గుడ్డిగా పెట్టకూడదు. సైడు బేరింగులు కొత్తవి వేసి, ప్రీలోడ్ (బేరింగుల బిగువు) సరిచూసి, బ్యాక్‌లాష్ తయారీదారు చెప్పిన హద్దులోకి తేవాలి. చాలా బండ్లకు అది 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఒక్కచోట కొలిస్తే చాలదు, క్రౌన్ చుట్టూ నాలుగైదు చోట్ల చూడాలి. ఈ పని తొందరగా కానిస్తే కొన్నాళ్లకు ఒక వేగం దగ్గర హౌసింగ్ ఊళ పెడుతుంది, తిట్లు లాకర్ బ్రాండ్‌కు పడతాయి.

ఎయిర్ లాకర్ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం గాలి పైపువే. యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినా లాగుకోకుండా పైపుకు వదులు ఉండాలి, సైలెన్సర్‌కు దూరంగా పోవాలి. లాకర్ వాడకుండానే కంప్రెసర్ మాటిమాటికీ ఆన్ అవుతుంటే పైపులోనో జాయింటులోనో లీకు ఉంది. సోలనాయిడ్ (గాలిని తెరిచి మూసే కరెంటు వాల్వు) గాలి వదిలే చోట గేర్ ఆయిల్ తుంపర కనిపిస్తే లోపలి ఓ రింగులు పోయినట్టు. బిగించాక యాక్సిల్‌ను స్టాండ్ల మీద ఎత్తి, గేరు వేసి ప్రొపెల్లర్ షాఫ్టు కదలకుండా చూసి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. లాక్ ఆఫ్‌లో రెండోది ఎదురు తిరగాలి, ఆన్‌లో రెండూ కదలకుండా బిగుసుకోవాలి.

అపోహ: లాకర్‌కు లిమిటెడ్ స్లిప్ ఆయిల్ కావాలి.

ఆ ఆయిల్‌లో కలిపే అడిటివ్ క్లచ్ ప్లేట్లున్న లిమిటెడ్ స్లిప్ డిఫ్‌ల కోసం. ప్లేట్లు లేని లాకర్‌కు దానితో పని లేదు, లాకర్ తయారీదారు చెప్పిన గ్రేడులో జీఎల్-5 (గేర్ ఆయిల్ ప్రమాణం) ఆయిల్ పోయండి. మొదటి ఆయిల్ మాత్రం త్వరగా మార్చండి, బిగింపులో మిగిలిన సీలెంట్ ముక్కలు, రజను అందులోనే ఉంటాయి. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి ముద్ద మామూలే. అంచులున్న లోహపు ముక్క దొరికితే ఆయిల్ పోయకుండా బండిని మళ్లీ తీసుకురండి.