బెజవాడలో బొమ్మకు గోడ ఎందుకు కరువైంది?

రెసిడెన్సీకో (కళాకారులకు కొంతకాలం చోటిచ్చి పని చేసుకోనిచ్చే ఏర్పాటు) స్కాలర్‌షిప్‌కో దరఖాస్తు పెట్టే యువ చిత్రకారుడు ముందుగా నింపాల్సింది ప్రదర్శనల జాబితా. సోలో షోలు ఎన్ని, గ్రూప్ షోలు ఎన్ని, ఏ గ్యాలరీలో, క్యూరేటర్ (ఏ బొమ్మలు పెట్టాలో, ఎందుకో తేల్చి ప్రదర్శనను రూపొందించే మనిషి) ఎవరు, క్యాటలాగ్ (ప్రదర్శన వివరాల పుస్తకం) ఉందా. బరోడాలోనో హైదరాబాద్‌లోనో చదివినవాళ్లకు చదువు పూర్తయ్యేసరికే ఈ గడులు కొన్ని నిండుతాయి. విజయవాడలోనో గుంటూరులోనో ఉండి బొమ్మలు వేసేవాళ్లకు అక్కడే టెన్షన్ మొదలవుతుంది. వాళ్లు కూడా ప్రదర్శనలు పెట్టినవాళ్లే. గ్రంథాలయం హాల్లోనో, కల్యాణ మండపంలోనో, ఏదో సంఘం వార్షికోత్సవంలోనో రెండు రోజులు పెట్టి ఉంటారు. పేపరు జిల్లా ఎడిషన్‌లో ఫొటో కూడా వచ్చి ఉంటుంది. కానీ ఆ బొమ్మలను ఎవరు ఎంచారో, ఎందుకు ఎంచారో చెప్పే కాగితం ఒక్కటీ మిగలదు. ఊరు దాటాక ఆ ప్రదర్శనకు విలువ ఉండదు.

వీళ్లకు చేతి నైపుణ్యం లేక కాదు ఇలా జరుగుతున్నది. దీని వెనక రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది, అది అమరావతి బౌద్ధ స్తూపం దగ్గర మొదలవుతుంది.

18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు దిబ్బ తవ్వితే చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. సంగతి తెలిసి ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి, వెంట తెచ్చుకున్న చిత్రకారుల చేత ఆ శిల్పాలను ఒక్కొక్కటిగా గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి. అక్కడ చాలాకాలం ఎండకూ వానకూ ఉండి 1859లో లండన్‌కు ఓడెక్కాయి. లండన్‌లోనూ వాటికి వెంటనే చోటు దొరకలేదు, ఒక బండ్ల షెడ్డులో పడి ఉన్నాయి. 1867 పారిస్ ప్రదర్శన కోసం భారతీయ శిల్పాల ఫొటోలు సిద్ధం చేస్తున్న కళాచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ కంట పడ్డాకే వాటి దశ తిరిగింది. మరుసటి ఏడాది ఆయన పుస్తకం రావడంతో అమరావతి పేరు కళాచరిత్రలోకి ఎక్కింది. అంటే మన శిల్పాలకు ప్రపంచంలో పేరు తెచ్చింది ఒక ఎగ్జిబిషన్, దాని వెంట వచ్చిన ఒక పుస్తకం. ఆ రెండూ ఇక్కడ జరగలేదు. ఇవాళ ఆ శిల్పాల్లో ముఖ్యమైనవి బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి.

1877లో అమరావతిలో తవ్వకాలు జరిపిన రాబర్ట్ సీవెల్ తర్వాత కృష్ణా జిల్లా కలెక్టరయ్యాడు. బెజవాడ బందరు రోడ్డులో విక్టోరియా జూబిలీ భవనానికి 1887లో శంకుస్థాపన చేసింది ఆయనే. అదే నేటి బాపు మ్యూజియం. అందులో శిల్పాలున్నాయి, నాణేలున్నాయి, ఆయుధాలున్నాయి. పురావస్తు శాఖ చేతిలోని మ్యూజియం కాబట్టి దొరికినదాన్ని భద్రపరచడమే దాని ప్రధానమైన పని అయింది. అదే ఊళ్లో బతికున్న చిత్రకారుడు నిన్న వేసిన బొమ్మ గురించి ఆలోచించే బాధ్యత ఏ సంస్థ మీదా పెట్టలేదు.

బొమ్మల చదువు సంగతి కూడా అంతే. మద్రాసులో 1850లోనే ఆర్ట్ స్కూల్ వచ్చింది. కోస్తా కుర్రాళ్లు రంగుల పని నేర్చుకోవాలంటే రైలెక్కి అక్కడికే పోవాలి. గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు మద్రాసులో చదివి, 1960లలో లండన్ స్లేడ్ స్కూలుకు, అక్కడి నుంచి అమెరికాకు వెళ్లారు. 2001లో పద్మశ్రీ వచ్చేనాటికి ఆయన జీవితంలో ఎక్కువ భాగం బయటే గడిచింది. మచిలీపట్నం జాతీయ కళాశాలది గొప్ప మినహాయింపు. అక్కడ ప్రమోద్ కుమార్ ఛటర్జీ చిత్రకళ నేర్పారు. తర్వాత అడివి బాపిరాజు ప్రిన్సిపాల్‌గా చేశారు.

రాజమండ్రి దారి మరొకటి. దామెర్ల రామారావు 1923లో అక్కడ చిత్రకళాశాల పెట్టి, 1925లో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లైనా నిండలేదు. అంత చిన్న వయసులో పోయిన మనిషి బొమ్మలను ఇవాళ చూడగలుగుతున్నామంటే ఆయన కుటుంబం, మిత్రుడు వరదా వెంకటరత్నం వాటిని కాపాడటం వల్ల, ఆయన పేరిట ఆ ఊళ్లో ఒక గ్యాలరీ ఉండటం వల్ల. గ్యాలరీ ఉంటే ఏమవుతుందని అడిగేవాళ్లకు నాకు తెలిసిన అత్యంత బలమైన జవాబు ఇదే. విజయవాడలో, గుంటూరులో ఏ చిత్రకారుడికీ ఆ భాగ్యం దక్కలేదు.

మరి ఇక్కడి చిత్రకారులు ఇన్నాళ్లూ ఎలా బతికారు? నా ఉద్దేశంలో ఈ కథకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. బెజవాడ అచ్చు ఊరు. విశాలాంధ్ర 1952లో దినపత్రికగా ఇక్కడే మొదలైంది. ఆంధ్రజ్యోతి 1960లో ఇక్కడే పుట్టింది. వాటి చుట్టూ వారపత్రికలు, పుస్తకాల షాపులు, ప్రెస్సులు. బాపు మద్రాసులో కూర్చుని వేసినా ఆ బొమ్మ చివరికి ఈ ప్రాంతపు ఇళ్లలోకే వచ్చేది. చిత్రకారులు మోహన్ విశాలాంధ్రలో, బాలి ఆంధ్రజ్యోతిలో పనిచేశారు. వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాన్ని కత్తిరించి ఫ్రేము కట్టించుకున్న ఇళ్లు ఎన్నో. ఏ కథకు ఎవరు బొమ్మ వేయాలో నిర్ణయించి, దాన్ని వేలమంది ముందు పెట్టింది పత్రికల ఎడిటర్లు. ఇవాళ క్యూరేటర్ చేసే పనిలో సగం వాళ్లే చేశారు. అంత పెద్ద ప్రేక్షకలోకం ఏ గ్యాలరీకీ దొరకదు.

అయితే అందులో ఒక నష్టం జరిగింది. అచ్చయిన బొమ్మను అందరూ ప్రేమించారు, చేత్తో వేసిన అసలు బొమ్మకు విలువ కట్టడం ఎవరికీ అలవాటు కాలేదు. అచ్చు కోసం బ్లాక్ చేయించాక ఒరిజినల్ ప్రెస్సులోనే ఉండిపోయేది. పారితోషికం ముట్టింది కాబట్టి లెక్క తీరిపోయినట్టే. బొమ్మను కొని గోడకు పెట్టుకునేవాడు, దాని వెనక కథను రాసిపెట్టేవాడు, వందేళ్ల తర్వాత కూడా దొరికేలా దాచేవాడు, ఈ ముగ్గురూ మన దగ్గర తయారు కాలేదు. తర్వాత టీవీ వచ్చి వారపత్రికలు పలచబడ్డాయి. కరోనా కాలంలో కొన్ని అచ్చే ఆపేశాయి. చిత్రకారుడి గోడ అలా కూలిపోయింది, బొమ్మ తగిలించడానికి ఇంకో గోడ సిద్ధంగా లేదు. మిగిలినవి డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై మాస్టారు కావడం, సైన్‌బోర్డులు రాయడం, తెనాలి శిల్పుల్లా విగ్రహాల ఆర్డర్లు తీసుకోవడం. ఇవన్నీ గౌరవమైన పనులే, ఎన్నో కుటుంబాలను నిలబెట్టినవే. కానీ వీటిలో బొమ్మ ఎలా ఉండాలో ఆర్డరిచ్చినవాడే చెబుతాడు.

ప్రభుత్వాల వైపు చూస్తే రాజధాని మారినప్పుడల్లా సంస్థలు చేజారాయి. 1953లో మద్రాసు దూరమైంది. 1956 తర్వాత అన్నీ హైదరాబాద్‌లో పెరిగాయి. ఫైన్ ఆర్ట్స్ కాలేజీ, ఆ తర్వాత సెంట్రల్ యూనివర్సిటీలో కళల విభాగం, మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ, కళాకృతి వంటి ప్రైవేటు గ్యాలరీలు. రాష్ట్ర లలిత కళా అకాడమీ 1985లో మిగతా అకాడమీలతో కలిసి తెలుగు విశ్వవిద్యాలయంలో చేరిపోయింది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ హైదరాబాద్ కూడా పక్క రాష్ట్రమైంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విభాగం ముందునుంచీ ఉంది. కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ వచ్చింది. రాజధాని ప్రాంతం మాత్రం దాదాపు వట్టి చేతులతో మిగిలింది. కల్చరల్ సెంటర్ ఆఫ్ విజయవాడ అండ్ అమరావతి లాంటి ప్రైవేటు చొరవలు ఈమధ్య బొమ్మల ప్రదర్శనలు పెడుతున్నాయి. వాటిని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి.

ఈలోగా బయట ఆట నియమాలు మారిపోయాయి. 2008లో ఢిల్లీలో ఆర్ట్ ఫెయిర్ మొదలైంది, 2012లో కొచ్చి బినాలె (రెండేళ్లకోసారి జరిగే కళాప్రదర్శన) వచ్చింది. గ్యాలరీ ఒక కళాకారుడిని చేపడితే అమ్మిన ధరలో సగం దాకా తీసుకుంటుంది. బదులుగా క్యాటలాగ్ వేస్తుంది, ఫెయిర్‌కు తీసుకెళుతుంది, మ్యూజియంల దృష్టికి తెస్తుంది. అక్కడిదాకా చేర్చే మొదటి మెట్టు చాలాసార్లు ఒక క్యూరేటరే. కొచ్చిలో 2014 నుంచి నడుస్తున్న స్టూడెంట్స్ బినాలెలో యువ క్యూరేటర్లు దేశంలోని ఆర్ట్ కాలేజీలకు వెళ్లి విద్యార్థుల పనిని ఎంచుతారు. పేరున్న ఆర్ట్ కాలేజీ లేని చోటికి వాళ్లెలా వస్తారు?

క్యూరేటర్ చేసేది బొమ్మలు తగిలించడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జాన్ గై క్యూరేట్ చేసిన తొలినాటి బౌద్ధ కళ ప్రదర్శనలో అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు నిలబడ్డాయి. తర్వాత అది సియోల్‌కు వెళ్లింది. దాని వెనక క్యూరేటర్ పని ఎంతో ఉంది: అరువు ఒప్పందాలు, ఇన్సూరెన్స్, ప్రతి రాయి పరిస్థితి మీద నివేదిక, ఏళ్ల తరబడి పరిశోధన, చివరికి ఒక పెద్ద పుస్తకం. మన నేల రాళ్ల గురించి అలా పనిచేసి పేరు తెచ్చుకునే అవకాశం మన పిల్లలకు ఎందుకు ఉండకూడదు? దుగ్గిరాల పక్కన తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ ప్రపంచ చిత్రకళ గురించి తెలుగులో రాశారు. కుళూలో రష్యన్ చిత్రకారుడు రోరిక్ ఇంట గడిపి వచ్చిన మనిషి ఊళ్లోనే ఉండి ఆ పని చేయగలిగారు. 1999లో ఆయన పోయాక ఆ దారిలో నడిచే వాళ్లకు జీతమిచ్చే ఉద్యోగం ఒక్కటి కూడా ఈ రెండు ఊళ్లలో ఏర్పడలేదు.

విజయవాడ క్యూరేటర్‌కు మొదటి ప్రదర్శన ఏదై ఉండాలో నాకు సందేహం లేదు. పత్రికల కోసం వేసిన బొమ్మల ఒరిజినల్స్, కుటుంబాల దగ్గర మిగిలినవి, వెతికి తెచ్చి, ఎవరు ఎప్పుడు ఏ కథకు వేశారో రాసి, ఇవాళ బొమ్మలు వేస్తున్న కుర్రాళ్ల పనిని వాటి పక్కన పెట్టాలి. కాగితం మీది రంగులకు 50 లక్స్‌కు (వెలుతురు కొలత) మించి వెలుతురు పడకూడదు, కృష్ణ ఒడ్డు ఉక్కపోతలో తేమ అదుపులో ఉండాలి. అలాంటి హాలు ఒకటి, దాన్ని ఏడాది పొడవునా నడిపే ఉద్యోగులు ముగ్గురో నలుగురో కావాలి. రాజధాని పనులకు వేస్తున్న అంచనాల్లో ఈ ఖర్చు చాలా చిన్నది.