అండాన్ని గాజు చేసే పాకం

"సార్, మన మిర్చి లాగే ఆడవాళ్ళ అండాలు కూడా కోల్డ్ స్టోరేజీలో పెడతారంట కదా. పాడైపోవా?"

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఫోన్లో ఈ మాట అడిగింది, ఒకప్పుడు నా దగ్గర ఇంటర్ జువాలజీ చదివిన అమ్మాయి. వాళ్ళ చెల్లికి 27 ఏళ్ళు, పెళ్ళి కాలేదు. రొమ్ము క్యాన్సర్ అని తేలింది. మూడు వారాల్లో కీమో మొదలవుతుంది. పిల్లల సంగతి ఎత్తితే ఇంట్లో పెద్దవాళ్ళు "ముందు ప్రాణం దక్కనీ, అవన్నీ తర్వాత" అన్నారట. చిక్కంతా ఆ "తర్వాత"తోనే.

ఆడపిల్ల పుట్టేటప్పటికి అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అండాలుంటాయి. ఆపైన తరుగుదలే. ఈడొచ్చేసరికి మిగిలేవి మూడు నాలుగు లక్షలు. ప్రత్యుత్పత్తి పాఠాన్ని "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేసే బళ్ళు ఇంకా ఉన్నాయి. ఈ ఒక్క లెక్క తెలిసిన ఏ తల్లీ "తర్వాత" అనదు. సైక్లోఫాస్ఫమైడ్ లాంటి కీమో మందు డీఎన్ఏ పోగులు రెంటినీ కలిపి కుట్టేస్తుంది. నిద్రలో ఉన్న అండాలనూ వదలదు. ఇంకో దెబ్బ కూడా ఉంది. ఎదుగుతున్న అండకోశాలు, అంటే ఒక్కో అండాన్ని చుట్టి ఉండే చిన్న సంచులు, ఏఎంహెచ్ అనే హార్మోనుతో, నిద్రలో ఉన్నవాటిని లేవకుండా పట్టి ఉంచుతాయి. కీమోకి ఆ ఎదిగేవి ముందు చచ్చిపోతాయి. కాపలా పోగానే నిద్రలో ఉన్నవి గుంపుగా లేచి తరిగిపోతాయి. ఎలుకల్లో 2013లో ఇది చూపించారు. అందుకే కీమోకి ముందే అండాలు తీసి చలిలో దాచడం.

ఇక మిర్చి సంగతి. మిర్చి టిక్కీలు (బస్తాలు) నెలల తరబడి నిలవుంటున్నాయంటే, కల్లంలో ఎండబెట్టి తేమ తీసేశాం కాబట్టి. అండం అలా కాదు. మన ఒంట్లో అతి పెద్ద కణం అది, మిల్లీమీటరులో పదో వంతు, నిండా నీళ్ళు. టమాటాను డీప్ ఫ్రీజర్లో పెట్టి తీసి చూడండి, ముద్దవుతుంది. నీరు స్ఫటికాలుగా గడ్డకట్టి లోపలి గోడలన్నీ చీల్చేస్తుంది.

దీనికి విరుగుడు మన వంటింట్లోనే ఉంది. సంక్రాంతికి చేసే పంచదార చిలక తెల్లగా, పలుకు పలుకుగా ఉంటుంది. అదే పంచదారను ముదురు పాకం పట్టి, నెయ్యి రాసిన పళ్ళెంలో పలచగా పోస్తే అద్దంలా బిగుస్తుంది. వెనక వేలు పెడితే కనిపిస్తుంది. చిలకలో అణువులు వరస కట్టాయి. పళ్ళెంలో వరస కట్టే వ్యవధి లేక ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఈ రెండోదాన్నే శాస్త్రంలో గాజు అంటారు. గులాబ్‌జామూన్ పాకంలో నిమ్మరసం ఎందుకు పిండుతాం? ఆ పులుపుకి పంచదార కొంత విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజు పుడతాయి. వేరే ఆకారం అణువులు మధ్యలో దూరితే వరస కుదరదు, పాకం పలుకు కట్టదు.

అండానికీ ఇదే పద్ధతి. నిమ్మరసానికి బదులు ఇథిలీన్ గ్లైకాల్, డీఎంఎస్ఓ అనే రసాయనాలు లోపలికి దూరి నీటి అణువులను వరస కట్టనివ్వవు. ఆ ద్రావణంలో అచ్చమైన పంచదార కూడా ఉంటుంది! అది అండంలోకి పోదు. ఉప్పు మామిడి ముక్కలో నీటిని లాగినట్టు బయటి నుంచే నీరు గుంజుతుంది. తర్వాత సన్నటి ప్లాస్టిక్ పట్టీ మీద, కంటికి ఆనీ ఆనని చుక్కలో అండాన్ని ఉంచి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్లో ముంచుతారు. పలచటి పాకం తొందరగా బిగిసినట్టే, చుక్క ఎంత చిన్నదైతే అంత మేలు. నిమిషానికి వేల డిగ్రీల వేగంతో చల్లబడి గాజైపోతుంది. దీని పేరు విట్రిఫికేషన్. అండాలను ఇలా దాచడం ఇక ప్రయోగం కాదని అమెరికా పునరుత్పత్తి వైద్య సంఘం 2012లోనే తేల్చింది.

అండాలు సిద్ధం చేసి తీయడానికి సుమారు రెండు వారాలు చాలు. ఇదివరకు నెలసరి కోసం ఆగేవాళ్ళు, ఇప్పుడు ఏ రోజైనా ఇంజెక్షన్లు మొదలుపెడతారు. రొమ్ము క్యాన్సరైతే ఈస్ట్రోజెన్ హార్మోను పెరగకుండా లెట్రోజోల్ అనే మందు కలుపుతారు. తీవ్రమైన రక్త క్యాన్సర్లలో మాత్రం ఇంత వ్యవధి సాధారణంగా దొరకదు. ఈడు రాని పిల్లలకు అండాశయం ముక్కనే తీసి దాస్తారు. పెద్ద వయసులోనే అలా దాచిన ముక్కను తిరిగి అతికిస్తే 2004లో బెల్జియంలో ఒక తల్లికి బిడ్డ పుట్టింది. దాచినంత మాత్రాన బిడ్డ ఖాయం కాదు. అండాలు తీసే నాటి వయసు మీద చాలా ఆధారపడుతుంది.

"శూన్యమాసం, శ్రావణం రానివ్వండి అంటున్నారు సార్" అంది. నాకు గుండె కలుక్కుమంది. ఉన్నదే మూడు వారాలు. "మొదటి కీమోకి ముందే సంతాన వైద్యుల దగ్గరికి పంపమని క్యాన్సర్ డాక్టరును ఇవాళే అడుగమ్మా" అన్నాను.

మర్నాడే విజయవాడ వెళ్ళారు. సూర్యారావుపేటలో డాక్టరమ్మను కలిసి బయటికొచ్చాక ఫోన్ చేశారు. ఈసారి మాట్లాడింది చెల్లెలు. "సార్, మరి మళ్ళీ బయటికి తీసేటప్పుడు?"

నెమ్మదిగా కరిగిస్తేనే ప్రమాదమమ్మా, అని చెప్పాను. వానాకాలం మూత తీసి ఉంచిన డబ్బాలో బెల్లం పాకం చెమర్చినట్టు, గాజు కాస్త మెత్తబడగానే అణువులు మళ్ళీ వరస కట్టేస్తాయి. అందుకే నైట్రోజన్లోంచి తీసిన అండాన్ని ఆ క్షణమే 37 డిగ్రీల పంచదార ద్రావణంలో వేస్తారు. అక్కడ ఒక్క నిమిషం. ఆ తర్వాత తీపి తగ్గించుకుంటూ ఒక ద్రావణంలోంచి ఇంకోదానిలోకి మారుస్తారు. లాగేసిన నీరు మెల్లగా తిరిగి లోపలికి చేరి, అండం మళ్ళీ గుండ్రంగా ఉబ్బుతుంది.